పెద్దాసుపత్రిలో నేనాడిన బేరం

రాత్రికి నాలుగుసార్లు పక్క మార్చాలన్నాడు డాక్టరు. నేను ఒక్కసారికి దింపాను. నందికొట్కూరు బజారులో ఏ శెట్టీ ఇంతటి బేరం చేసి ఉండడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. హమాలీ కూలి దండగని వేరుశనగ మూటల దొంతి మీదికి నేనే ఎక్కి, వెల్లకిలా పడ్డాను. మా ఆవిడ సుబ్బమ్మ నా పాదాలు పట్టుకుని ఏడుస్తోంది. ఆ చేతులు నాకు తెలియడం లేదు. అప్పుడు భయం వేసింది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. వెన్నుపూస విరిగి స్పైనల్ కార్డ్ నలిగిందన్నారు.

"ఇన్‌కంప్లీట్ ఇంజురీ, అంటే పూర్తిగా తెగలేదు. కొంత తిరిగి రావచ్చు, ఎంతనేది చెప్పలేం," అన్నాడు డాక్టరు. "రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, రాత్రయినా సరే. రోజూ కాళ్లు చాపి వంచాలి. లేకపోతే బెడ్‌సోర్స్ వస్తాయి, కీళ్లు బిగుస్తాయి."

మా అంగట్లో మొదట చెప్పిన ధర ఎవరూ ఇవ్వరు. డాక్టరు మాటా అలాంటిదే అనుకున్నాను. సుబ్బమ్మ లేపినప్పుడల్లా "ఇంకాసేపు" అన్నాను. కాళ్లు వంచడానికి వచ్చిన కాంపౌండరును "రేపు రెండింతలు చేద్దువులే" అని పంపేశాను.

పక్క మంచం కోసిగి ఈరన్నది. కాలువ పనిలో మట్టిపెళ్ల విరిగి నడుం మీద పడింది. అతనిదీ ఇన్‌కంప్లీటే. అతనూ పడుకోనీయమని గొణిగేవాడు. భార్య వదిలేది కాదు.

"మేస్త్రి అరిస్తే పరిగెత్తుతావు, డాక్టరు చెప్తే ఏల వినవు? తిరుగు!"

ఒకనాడు ఈరన్న బొటనవేలు కదిలింది. వార్డంతా చూడవచ్చింది. నేను గోడవైపు తిరిగాను. ఎవరూ చెప్పకుండా నేను పక్క మార్చింది ఆ ఒక్కసారే.

కొన్నాళ్లకు నా వేలూ కదిలింది. కానీ అప్పటికే నడుం కింద పుండు పడింది. చీము, జ్వరం, పెన్సిలిన్ సూదులు. నెలల తరబడి మోకాళ్లు ముడుచుకుని ఒకే పక్కకు పడుకున్నాను. ఈరన్న రెండు పక్కలా కట్టిన వెదురు గడలు పట్టుకుని నడుస్తుంటే దిండులో మొహం పెట్టుకుని ఆ అడుగులు వినేవాణ్ని. జారితే బాగుండునని కోరుకున్నాను. టెంకాయ కొడతానని మొక్కుకోలేదు, అంతే.

"ఏమప్పా శెట్టీ, ఇంగా పండుకునే ఉండావా? ఒక్కణ్ణే నడుస్తాండా, పొద్దుపోలా నాకు," అనేవాడు. అతను మంచివాడు కావడం నన్ను ఇంకా మండించేది.

పుండు మానేసరికి మోకాళ్లు వంగినచోటే బిగుసుకున్నాయి.

"కాంట్రాక్చర్," అన్నాడు డాక్టరు. "కండరాలకు బలం వచ్చింది. కాళ్లే సాగవు."

"కొంచెం తగ్గించి చెప్పండి సార్," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు చక్రాల పలక మీద కూర్చుని అంగడి నడుపుతున్నాను. పనుల కోసం ఇటు వచ్చినప్పుడు ఈరన్న కర్ర ఊపుకుంటూ పలకరించిపోతాడు. మాట అతనితోనే, నా చూపు మాత్రం అతని మడమల మీద. ఆ కడుపుమంటకు ఎవరూ మందు రాయలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా వెన్ను దెబ్బతింటే పక్క మార్చే వేళ తప్పనీయకండి. రోగి బతిమాలినా, తిట్టినా.

ఇక లెక్క. పాదాల్లో స్పర్శ సగమే వచ్చింది. మిగతా సగం మూటల మీంచి పడినందుకు పోయింది. మోకాళ్లు నేను నిద్రకు అమ్ముకున్నవి. ఇన్నాళ్లూ రెంటినీ ఈరన్న ఖాతాలో బాకీగా రాస్తూ వచ్చాను. అతను నాకేమీ బాకీ లేడు.