జూలీ దవడ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను సహాయ సంచాలకుడిగా పులివెందుల పశువైద్యశాలకు బదిలీ చేశారు. అక్కడ మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్రెలే. కుక్కపిల్ల పళ్ళు చూపించడానికి వచ్చిన మొదటి మనిషి సుగుణమ్మ. తొండూరులో టీచరు. తలకు గుడ్డ చుట్టుకుని వచ్చింది.

పిల్లకు రెండు నెలలు, పేరు జూలీ. కింది దవడ పొట్టిగా ఉండడంతో కింది కోరలు అంగిట్లో గుచ్చుకుని గుంటలు పడ్డాయి.

"తినేటప్పుడు కుయ్యిమంటాంది సార్. పెద్దయితే సర్దుకుంటాదా?"

తేడా కొద్దిగా ఉంటే ఎదిగేకొద్దీ తగ్గవచ్చనీ, కోరలు ఇలా దిగబడితే కింది దవడ ముందుకు సాగలేదనీ చెప్పాను. మత్తిచ్చి ఆ పాలకోరలు తీసేస్తే అడ్డు తొలగుతుంది. ఆపైన దవడ ఎదగడం పుట్టుకను బట్టి ఉంటుంది, మాట ఇవ్వలేనన్నాను. ఆమె ఒప్పుకుంది.

పళ్ళు తీశాక పిల్ల కుయ్యిమనకుండా తినసాగింది. కర్నూలులో కాన్సర్ వైద్యం చేయించుకుని వచ్చినప్పుడల్లా సుగుణమ్మ దాన్ని తెచ్చేది. దవడల మధ్య తేడా కొలిచేవాణ్ణి. కొంత తగ్గి, ఆగిపోయింది.

"మా ఇంటాయన దీని నోరు తెరిచి చూసే రకం కాదు సార్. నేనుండంగానే ఏదో ఒకటి తేల్చండి."

అసలు కోరలు వచ్చేది ఆరో నెల దగ్గర. అంతకు ముందు తేల్చడం ఎవరి వల్లా కాదు. ఆ మాటే చెప్పాను.

అసలు కోరలు వచ్చాక జూలీని తెచ్చింది ఆమె భర్త దేవదానం.

"ఆమె పోయింది సార్. దినామూ నేనే నోరు తెరిచి చూస్తాండా. కుడిపక్క మళ్ళా గుచ్చుకుంటాంది."

చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఎడమ కోర పక్కకు తప్పుకుంది, కుడిది అంగిట్లోకే వచ్చింది. తిరుపతిలో పళ్ళ పని తెలిసిన పశువైద్యుడి దగ్గరికి పంపాను. ఆయన ఆ కోరను కోసి పొట్టి చేసి, కోసిన చోట మందు నింపి మూసి పంపాడు. దేవదానం మళ్ళీ తెచ్చి చూపించేసరికి పుండు మానింది.

"అయితే దవడ సర్దుకోలేదు గదా సార్," అన్నాడు దేవదానం. లేదన్నాను. ఆయన కుక్క మెడ నిమిరి, దాన్ని తీసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు కుక్కపిల్ల నోరు చూపించినా రెండు సంగతులు విడదీసి చెప్పాను. పొట్టి దవడ వయసుతో సరికాకపోవచ్చు. నొప్పి మాత్రం తీయగలం, దానికి వయసు వచ్చేదాకా ఆగకూడదు.