ఇనప్పెట్టె ఒంట్లో ఆడ హార్మోను

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే కంపెనీలో అందరూ అతన్ని ఇనప్పెట్టె అనే పిలుస్తారు. ఒకసారి ఓ వ్యాపారి ఇంటి ఇనప్పెట్టెను ఎవరి సాయమూ లేకుండా మూడో అంతస్తుకు ఎక్కించాడు మరి. ఎక్కించిన మాట నిజమే. దిగి వచ్చాక నడుం పట్టేసి, వారం పాటు బోర్లా పడుకున్నాడన్న సంగతి మాత్రం అతని భార్య చెబితేనే తెలుస్తుంది.

ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. నోరు పదునైనదే, కానీ ఒక్క విషయంలో ఆ నోరు పెగిలేది కాదు. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. "లోపం నీలోనే ఉందమ్మాయ్" అని ఇనప్పెట్టె అక్క మొహమ్మీదే అనేసేది. పాపం, ఆ అక్కదీ పుట్టెడు దుఃఖమే. ఆవిడకూ పిల్లల్లేరు. తప్పు తనదేనని తల వంచుకుని బతుకుతూ, ఆ బరువులో సగం మరదలి నెత్తిన కూడా పెట్టేది. మగవాళ్లను ఎవరనుమానిస్తారు? తమ్ముడు ఇనప్పెట్టె, మొగుడు జిమ్ యజమాని. ఇద్దరి భుజాలూ గుమ్మంలో పట్టవు.

ఇనప్పెట్టెకు కండలు పెంచే ఇంజెక్షన్లు అలవాటు చేసింది ఆ బావే. వాటితో పాటు మాత్రలూ ఇచ్చాడు.

"ఇంజెక్షన్ మందు కొంత ఒంట్లో ఆడ హార్మోనుగా మారిపోతుందిరా. ఈ మాత్ర దాన్ని మారనివ్వదు. లేకపోతే ఛాతీ పెరిగి నలుగురిలో నవ్వులపాలవుతావు."

ఆడ హార్మోను అన్న మాట వింటేనే మనవాడికి ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. బావ ఒక మాత్ర చాలన్నా అతను రెండు మింగేవాడు. మగతనం అంటే అదేననుకునేవాడు, వెర్రిబాగులవాడు!

భార్య పరీక్షలన్నీ చేయించుకుంది. ఏ లోపమూ లేదన్నారు. ఓ రోజు భోజనం దగ్గర ఆమె తేల్చి చెప్పింది.

"నా వంతు అయిపోయింది. ఇక మీ వంతు. మీరు రానంటే నేనింక ఈ మాటే ఎత్తను. పిల్లల మాట కూడా ఎత్తను."

ఆ చివరి ముక్క అతనికి గుచ్చుకుంది. ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లాడు.

పరీక్షలో వీర్యకణాలు వెతికితే తప్ప కనబడలేదు. మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగింది. అతను ఇంజెక్షన్ల సంగతి చెప్పి, ఛాతీ విరుచుకున్నాడు.

"మరేం కంగారు పడకండి డాక్టరమ్మా. నా ఒంట్లో ఆడ హార్మోను చుక్క లేకుండా చూసుకుంటున్నా. రోజూ మాత్రలు వేసుకుని మరీ!"

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"మీ కొంప ముంచుతున్నవి ఆ మాత్రలూ, ఆ ఇంజెక్షన్లూనే. బయట నుంచి మందు వచ్చిపడుతుంటే లోపలి కార్ఖానా మూతపడుతుంది. ఇక ఆ ఆడ హార్మోను మగవాడికీ కావాలండీ. కణాలు బోలెడు నీళ్లలో తేలుతూ బయల్దేరతాయి. దారిలో సన్నటి గొట్టాలు ఆ నీటిని పీల్చేసుకుంటేనే అవి చిక్కబడి, దారినపడతాయి. ఆ గొట్టాలకి పని చెప్పేది అదే. ఎక్కువైనా తప్పే, లేకపోయినా తప్పే."

"మరి... అది ఆడవాళ్లది కదండీ?"

"ఆ పేరు మనం పెట్టుకున్నది. ఒంటికి ఆ సంగతి తెలీదు."

భార్య చేత్తో నోరు మూసుకుంది, నవ్వాపుకోవడానికో ఏడుపాపుకోవడానికో. అతను మాత్రం ఆమె వైపు చూడలేక సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నేళ్లూ ఆమె పడ్డ మాటలన్నీ తను పడాల్సినవి.

డాక్టరమ్మ చెప్పినట్టే అన్నీ మానేశాడు. మానడం ఏమంత సుఖంగా లేదు. కండలు జారాయి, దేని మీదా మనసు నిలవలేదు. ఓ బీరువాను మెట్ల మలుపులో దించేసి ఆయాసపడుతుంటే, "ఇనప్పెట్టె రేకుపెట్టె అయిందిరోయ్" అని తోటివాళ్లు ఇకిలించారు. బావ మళ్లీ ఇంజెక్షన్ తీసుకోమని ఊరించాడు. అతను ఒప్పుకోలేదు. నన్నడిగితే మూడంతస్తులు మోయడం కన్నా ఇదే ఘనకార్యం.

కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మ అతని కణాల్ని తెర మీద చూపించింది. చేపపిల్లల్లా ఒకటే హడావుడి. అతను కుర్చీలోంచి లేచిపోయి, "పరిగెత్తండ్రా నాయనా!" అని అరిచాడు. బయట కూర్చున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

అవి పరిగెత్తాయి. భార్య నెల తప్పింది.

అక్క ఇద్దరినీ భోజనానికి పిలిచింది. వడ్డిస్తూ, "మొత్తానికి నీ లోపం పోయిందమ్మాయ్" అంది. ఇనప్పెట్టె లేచి నిలబడ్డాడు.

"లోపం తనది కాదక్కా, నాది. బావ ఇచ్చిన ఇంజెక్షన్లు, మాత్రలు. ఆడ హార్మోనుని చంపుకుని నా పిల్లల్ని నేనే పుట్టనివ్వలేదు. మానేశా, పుడుతున్నారు. ఇంకెప్పుడూ తనని ఆ మాట అనకు."

పక్కింటికి వినబడేంత గట్టిగా అన్నాడు. ఆ క్షణంలో అతని గొంతు వింటే భార్యకు ఎంత గర్వమనిపించిందో!

బావకు పొలమారింది. అక్క గరిటె దించి మెల్లగా అటు తిరిగింది.

"ఏవండీ, మీరెప్పట్నించి వేసుకుంటున్నారవి?"

"పెళ్లికి ముందు నుంచే..."

ఇన్నేళ్లూ వంగిన తల లేచింది. అక్క ముందు మరదలి చెయ్యి పట్టుకుంది. "నన్ను క్షమించమ్మా" అంది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"లేచి చెయ్యి కడుక్కోండి. వీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

"ఇప్పుడా? తిన్నాక చూద్దాంలే."

"ఇప్పుడే."

"వదినా, దారి నాకు తెలుసు, నేనూ వస్తా" అంటూ మరదలు చెప్పులు వేసుకుంది.