ఇచ్చోడ దాకా ప్రపంచం

పిల్లలకు ప్రపంచాన్ని చూపించడానికి బయలుదేరిన యేసుదాసు సారు, బస్సు నిర్మల్ దాటి ఘాటు మలుపులు ఎక్కుతుండగా తన టోపీలో వాంతి చేసుకున్నారు. టోపీ తెల్లది. ముందుభాగంలో నీలం దారంతో ‘కోచ్’ అని కుట్టి ఉంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకొని, ఒక్క చుక్క తొణకనివ్వకుండా, బస్సు ఆగే దాకా ఆయన నిటారుగా కూర్చున్నారు. వెనక సీట్లలో ఆడపిల్లలంతా కిటికీల్లోంచి అడవిని తదేకంగా చూడసాగారు. చివరికి భవ్యశ్రీ లేచి వచ్చి, ఒక నిమ్మకాయ ఆయన ఒళ్ళో పెట్టి, “సార్, మనం ఇంకా తెలంగాణల్నే ఉన్నం సార్, పరేషాన్ గాకుండ్రి,” అని ధైర్యం చెప్పింది.

యేసుదాసు సారు హుస్నాబాద్‌లో మా బాలికల హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఖోఖోలో మెరుపు. బస్సులో మాత్రం ఇలా. పైగా పరాయి ఇంట్లో ఆయనకు నిద్ర పట్టదు. జమ్మికుంటలో అత్తగారింటికి వెళ్ళినా సొంత దిండు చంకలో పెట్టుకొని వెళ్తారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావమరదులు ఆ దిండుకు ఎదురొచ్చి, “రాండ్రి రాండ్రి, బావ ఎన్కొస్తున్నడా?” అని దాన్నే ముందు పలకరిస్తారు.

ఇటువంటి మనిషికి పిల్లల్ని ఊళ్ళు తిప్పే పని ఎవరిచ్చారని అడగొచ్చు. మేమే ఇచ్చాం. విద్యార్థులను ప్రపంచ పౌరులుగా తీర్చిదిద్దాలనీ, అందుకోసం వేరే ప్రాంతపు బడితో పిల్లల రాకపోకలు పెట్టుకోవాలనీ రెండేళ్ళ కింద పై అధికారులు మా బడికి చెప్పారు. బాధ్యత ఎవరిదనే మాట రాగానే స్టాఫ్‌రూమ్‌లో అందరి చూపులూ నేలమీదికి దిగాయి. యేసుదాసు సారు అప్పుడు గ్రౌండులో విజిల్ ఊదుతున్నారు. మీటింగుకు రానివాళ్ళ పేరు రాసుకోవడం మా బడి సంప్రదాయం.

ఆయన పాపం కాదనలేదు. “మేడం, ప్రపంచమంటే ఎంత దూరం పోవాలె?” అని మాత్రం మా హెడ్‌మిస్ట్రెస్ రోజారాణి గారిని అడిగారు. బడ్జెట్‌ను బట్టి ప్రపంచం ఇచ్చోడ దగ్గర ఆగింది. ఆదిలాబాద్ జిల్లా, హైవే పక్కన పెద్ద ఊరు. అక్కడి బడిలో దశరథం సారని యేసుదాసు సారుకు ఒక స్నేహితుడున్నాడు. చాలా ఇళ్ళలో మరాఠీ మాట్లాడతారు, జొన్నరొట్టె తింటారు, చలికాలంలో మనకన్నా రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుకుంటారు. మూడు రోజులు మన పిల్లలు వాళ్ళ ఇళ్ళలో ఉండాలి. తర్వాత వాళ్ళ పిల్లలు మన ఇళ్ళకు రావాలి. ఏర్పాటు అది.

మొదటి ఏడాది వెళ్ళొచ్చాక పిల్లల్ని ఒక్కొక్కరినే ప్రార్థన సమయంలో నిలబెట్టి ఏం తెలుసుకున్నారో చెప్పమన్నారు మేడం. మొదటి పిల్ల, “కోడికూర పెట్టిన్రు మేడం,” అంది. రెండో పిల్ల, “మాకు పొద్దుమాపు పెట్టిన్రు,” అంది. మూడో పిల్ల కోడిని ఎట్లా కోశారో చెప్పబోతే మైకు ఆపించారు. ఎవరూ ఎవరింట్లోనూ ఒక గ్లాసు కడగలేదు, ఒక చీపురు పట్టలేదు. కుర్చీ మీద టవల్ పరిచి కూర్చోబెట్టడం, కూల్‌డ్రింకు ఇవ్వడం, మంచం వేసి ఇంటివాళ్ళు కింద పడుకోవడం. అంతే. మర్యాదలో యేసుదాసు సారు కూడా మునిగిపోయారు. దశరథం ఇంట్లో ఆయన అన్నం ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకొని, ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి కంచంలో కోడిముక్కలు రెండింతలయ్యాయి. అది ప్రార్థన ఫలమని ఆయన అనుకోలేదు గానీ, ఆ తర్వాత ప్రార్థన కాస్త కుదించారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇచ్చోడ పిల్లలు మన ఊరికి రావాల్సిన సమయానికి ఒక్క తల్లీ ఇల్లు ఇస్తాననలేదు. భవ్యశ్రీ తల్లి మమతారాణి సారుతో ముఖం మీదే చెప్పింది. ఆమె, భర్త బట్ట నేసే సాంచాల మీద పని చేస్తారు. ఇంట్లోనే రెండు సాంచాలు.

“సార్, మా ఇంట్ల మనుషుల కంటె సాంచాలకే జాగ ఎక్కువ. గా ఇచ్చోడ కోమలక్క నా బిడ్డకు మంచమేసె, కోడి కోసె, రాణి లెక్క జూసె. నేనేం జూపియ్యాలె? ఆమె బిడ్డ వచ్చి గీ టకటకల పంటదా? నా ఇజ్జత్ బోతది సార్. నావల్ల గాదు.”

మిగతా తల్లులందరిదీ అదే మాట. వాళ్ళు పెట్టిన మర్యాద మనం తీర్చలేనంత బరువైపోయింది. వాళ్ళ పిల్లలు రానే లేదు.

ఈ ఏడు బయలుదేరే ముందు రోజారాణి మేడం సారును పిలిచారు. “పోవుడు మన పిల్లలే, తినుడు మన పిల్లలేనాయె. గిదేం ఇచ్చిపుచ్చుకునుడు సార్? ఈసారి వాళ్ల పిల్లలు మన ఇండ్లల్ల ఉంటెనే వచ్చే ఏడు బస్సు. లేకుంటె బంద్.”

యేసుదాసు సారు ముఖం వాడిపోయింది. బంద్ అయితే అందరికన్నా ఎక్కువ సుఖపడేది ఆయన కడుపే కదా అని మేమనుకున్నాం. కానీ బజారు తప్ప ఏమీ ఎరగని పిల్లలు, గోదావరి వంతెన మీద బస్సు కిటికీలకు అతుక్కుపోయి గోల చేయడం ఆయన పోయినేడాది చూశారు. అప్పటి నుంచి వాంతుల్ని లెక్కలోకి తీసుకోవడం మానేశారు.

ఆ మర్యాద బరువు తగ్గితే తప్ప తల్లులు ఒప్పుకోరని, ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టారు. ఇచ్చోడలో దిగగానే, చేతిలో కడిగిన టోపీ నుంచి నీళ్ళు కారుతుండగా, దశరథం సారును పక్కకు పిలిచి, “అన్నా, మా పిల్లలందరికి కడుపు బాగలేదు. కోడికూర వద్దన్నరు. సాదాగ ఇంట్ల ఏదుంటె గదే పెట్టుమను,” అన్నారు. జీవితంలో అరుదుగా అబద్ధమాడే మనిషి ఆడితే ఇట్లాగే ఉంటుంది. ఆ టోపీని చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు.

సాయంత్రానికి ఇచ్చోడ మొత్తం గుప్పుమంది. ఏ ఇంట చూసినా గంజి. పిల్లల్ని మంచాల మీద నుంచి కాలు కింద పెట్టనివ్వలేదు. ఒక ఇంట్లో నిమ్మకాయలతో దిష్టి తీశారు. ఇంకో ఇంట్లో ముసలమ్మ పొట్టకు ఆముదం రాసింది. ఉన్న మర్యాద చాలక దానికి జాలి కూడా తోడైంది. దశరథం భార్య యేసుదాసు సారుకు కూడా గంజి పోసి, ఆయన తెచ్చుకున్న దిండు చూసి, “పాపం, ఎంత నిమ్మళం లేకపోతే దిండు గూడ మోసుకొచ్చిండు!” అని కళ్ళు ఒత్తుకుంది.

రెండో రోజు పొద్దున సారు ఆకలితో నకనకలాడుతూ పిల్లల్ని చూడ్డానికి బయలుదేరారు. కోమల ఇంటి దగ్గరికి రాగానే లోపలి నుంచి కేకలు.

“అగ బాయీ! ఎంత పిండి నాస్ జేసినవే! మీ ఊళ్లె జొన్నలు బాయిలకెళ్లి తోడుకుంటరా? గిది రొట్టెనా, పేడ పిడకనా?”

సారు గుమ్మంలో నిలబడిపోయారు. పొయ్యి దగ్గర భవ్యశ్రీ మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది. పక్కన కోమల కూతురు వైశాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. జరిగింది ఏమిటంటే, కోమల పత్తి ఏరడానికి చేనుకు పోగానే, గంజితో కడుపు నిండని భవ్యశ్రీ మెల్లగా మంచం దిగి వంటింట్లోకి వచ్చింది. వైశాలి కొట్టిన రొట్టెలు మూడు తిని, తనూ కొడతానంది. డబ్బాలో పిండి సగం అయిపోయింది. కోమల మరిచిపోయిన సద్ది కోసం తిరిగొచ్చింది.

కోమల అప్పుడు గుమ్మంలో సారును చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఇంటికొచ్చిన పిల్లను తిట్టడం, అదీ సారు చెవిన పడటం. అంతకన్నా అప్రదిష్ట ఉందా?

“సార్... నోరు జారింది సార్. మా పిల్లనే అనుకొని అన్న.” అంతలోనే ఏదో గుర్తొచ్చి కళ్ళు చిన్నవి చేసింది. “అయినా సార్, కడుపు బాగలేని పిల్ల మూడు రొట్టెలెట్ల తిన్నది?”

యేసుదాసు సారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. “తప్పయింది చెల్లె. పిల్లలందరు మంచిగనే ఉన్నరు. నువ్వు మాత్రం ఆపకు, తిట్టు.”

“గిదేం సారువయ్యా! తిట్టుమని అడుగుతరా ఎవలన్న?”

“అడుగుతున్న గదా. ఇంకో రొట్టె గూడ అడుగుతున్న.”

ఆ రొట్టె ఆయన గుమ్మంలోనే తిన్నారు. ప్రార్థన చేశారో లేదో ఎవరూ చూడలేదు.

కోమల ఆ రోజు పిల్లలిద్దరినీ చేనుకు తీసుకుపోయింది. పత్తికాయ మొనలు వేళ్ళకు గీసుకుంటే భవ్యశ్రీ ఏడవబోయి, వైశాలి ఏడవడం లేదని ఊరుకుంది. సాయంత్రం గిన్నెలు తోమింది, సరిగ్గా తోమలేదని మళ్ళీ, ఈసారి మరాఠీలో, తిట్లు తిన్నది. సంగతి తెలిసి మిగతా ఇళ్ళలోనూ పిల్లలు మంచాలు దిగారు. మూడో రోజు బస్సెక్కేటప్పుడు కోమల ఏమీ ఇవ్వలేదు, “మల్లొచ్చేటప్పటికి రొట్టె గుండ్రంగ కొట్టుడు నేర్చుకో,” అని మాత్రం అంది.

ఈసారి ప్రార్థనలో కోడికూర మాట రాలేదు. రొట్టె కొట్టే ముందు పిండిలో వేడినీళ్ళు పోయాలని, పత్తి ఎండెక్కక ముందే ఏరాలని, ముసలమ్మను ‘ఆజీ’ అనాలని పిల్లలు చెప్పారు. భవ్యశ్రీ తను తిన్న మరాఠీ తిట్లన్నీ వరుసపెట్టి, కోమల గొంతుతోనే అప్పగించింది. అర్థం తెలియక రోజారాణి మేడం ముందుగా చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి బడి మొత్తం మరాఠీలో తిట్టుకుంటోంది. ప్రపంచ పౌరసత్వం అంత వేగంగా పాకుతుందని మాలో ఎవరూ ఊహించలేదు.

అంతా బాగుందనుకుంటుండగా, ఇచ్చోడ పిల్లలకు ఇళ్ళు ఎవరిస్తారో తేల్చాల్సిన రోజు మమతారాణి బడికొచ్చింది. వెనకే మిగతా తల్లులు. పోయినేడాది లాగే ఆమె ఏమంటే వాళ్ళూ అదే అంటారు. రోజారాణి మేడం వరండాలోకి వచ్చి నిలబడ్డారు. యేసుదాసు సారు విజిల్ నోట్లోంచి తీసి, టోపీ సర్దుకున్నారు. ఇక వచ్చే ఏడు బస్సు ఉంటుందో లేదో ఈమె నోట్లో ఉంది.

“సార్, నా బిడ్డను కోమలక్క తిట్టిందట గదా! గిన్నెలు తోమిపిచ్చిందట, చేన్లకు దీస్కపోయిందట! పోయినేడు మంచమేసిన మనిషి, ఈ ఏడు పిడక అన్నదట! ఇంటికొచ్చినంక నా పోరి ఏమంటుందో ఎర్కేనా? ‘అవ్వా, నువ్వు తిట్టేది తిట్టే గాదు, కోమలమ్మ తిట్టాలె’ అంటుంది! నా బిడ్డను తిట్టనీకి ఆమె ఎవలు సార్? తిట్టేదుంటె నేను తిట్టుకోనా?”

తల్లులంతా సారు వైపు తిరిగారు. మేడం కూడా.

యేసుదాసు సారు చాలా సౌమ్యంగా అన్నారు:

“ఫికర్ జెయ్యకు చెల్లె, వచ్చే నెల ఆమె బిడ్డ మీ ఇంటికే వస్తది గదా, అసలు మిత్తి కలిపి నువ్వూ తిట్టు.”