దేవమణి టీచరమ్మ సెలవు చీటీలు

సెలవు చీటీ రాయకుండా దేవమణి టీచరమ్మ తుమ్మను కూడా తుమ్మదని నందిగామలో ఒక మాట ఉండేది. పైవాళ్ళకి రాస్తే వింతేముంది? ఆవిడ చీటీ రాసేది మూడో తరగతి పిల్లలకి!

1958 నాటి మాట. ఆవిడ రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేది. బస్సు దారిలో మొరాయించిందా, ఇక అంతే. వస్తూనే చీటీ రాసి, క్లాసు లీడరు బాజీ చేతికిచ్చి నిలబడేది. "మూడవ తరగతి విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారములు. బస్సు చెడిపోయినందున అరగంట ఆలస్యమైనది. మన్నించగలరు." బాజీ పైకి చదివి, క్లాసు వైపు చూసి, "మంజూరు చేశామండి. కూచోండి" అనేవాడు. అప్పటిదాకా కుర్చీ ముట్టుకుంటే ఒట్టు! ఒకసారి తేదీ వేయలేదని బాజీ చీటీ తిప్పికొట్టాడు. మహాతల్లి, నిలబడే మళ్ళీ రాసింది.

హెడ్మాస్టరు వరప్రసాదరావుగారికి ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది.

"దేవమణమ్మగారూ, వేలెడంత లేని వెధవలకి మీరు చీటీ రాయడమేంటండీ? నెత్తికెక్కి కూచుంటారు."

"చెప్పకుండా వాళ్ళు మానేస్తే అడుగుతాం గదండీ మేష్టారూ. నేను మానేస్తే?"

"మనం పెద్దవాళ్ళం!"

"అందుకే ముందు మనం రాయాలండి."

ఆ చీటీలన్నీ అన్నం మెతుకులతో గోడకి అంటించేది. గోడకి సున్నం కనపడేది కాదు. వరప్రసాదరావుగారు టీకొట్టు దగ్గర అవి అభినయించి చూపించి, తోటి పంతుళ్ళని కడుపుబ్బ నవ్వించేవారు.

జనవరిలో ఆవిడ పిచ్చి ముదిరింది. రెండు రోజులు సెలవు పెట్టి, నెత్తికి గుడ్డ చుట్టుకుని, కూలివాళ్ళతో మిరపకోతకి పోయింది! మూడోనాడు కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని వచ్చి చీటీ ఇచ్చింది: "మిరపకోతకు వెళ్ళినందున రెండు దినములు రాలేకపోతిని." అదీ గోడకెక్కింది. ఉద్యోగస్తురాలికి ఇదేం పోయేకాలమని ఊరంతా నవ్వింది.

వరప్రసాదరావుగారి పద్ధతి వేరు. చీటీ లేకుండా మానేసిన పిల్లలు వరండాలో వరసగా నిలబడి చేతులు చాపాలి. తక్కిన పని బెత్తం చూసుకునేది. ఏటా మిరపకోతలయ్యాక ఆ వరస వరండా చివరిదాకా ఉండేది. ఆ ఏడూ ఉంది. అందరికన్నా ముందు మూడో తరగతి బేబి నిలబడింది.

బెత్తం లేచింది. "పది రోజులు ఎక్కడ చచ్చావే? చీటీ ఏదీ?"

బేబి ఎడం చెయ్యి చాపి ఉంచే, కుడిచేత్తో కాయితం ఇచ్చింది. "మిరపకోతకు వెళ్ళినందున పది దినములు రాలేకపోతిని. మన్నించగలరు." గుండ్రటి అక్షరాలు. తేదీ కూడా ఉంది.

"మీ నాన్న రాయాల్సింది నువ్వు రాశావేం?"

"మా నాన్నకి రాయడం రాదండి. అమ్మకీ రాదండి."

"మరి పోయినేడు?"

"పోయినేడు నాకూ రాదండి. మీరు కొట్టారు గదండీ," అంది, వాన పడింది గదా అన్నట్టు మామూలుగా. చాపిన చెయ్యి ఇంకా తీయలేదు.

వరసలో పదహారు మంది. పదహారు చీటీలు, అన్నీ మూడో తరగతి గోడ మీది మాటలే. వరప్రసాదరావుగారికి తల కొట్టేసినట్టయింది. అక్షరమ్ముక్క రాని ఇళ్ళ నుంచి చీటీలు తెమ్మని, తేలేదని పన్నెండేళ్ళుగా పసిచేతులు వాయగొట్టారు. ఎందుకు తేలేదని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. తన చేతిలో బెత్తం చూసుకోవడానికే ఆయనకి సిగ్గేసింది. ఆ గోడ ముందుకెళ్ళి నిలబడ్డారు.

"ఇందుకా అమ్మా ఇవన్నీ?"

దేవమణి తలదించుకుంది. "పోయినేడు చేరిన వారంలోనే ఆ వరస చూశానండి. కొట్టొద్దని మీతో చెప్పే ధైర్యం లేకపోయింది. చూసి రాసుకుంటారని అంటించా."

"బానే ఉంది. మరి ఎండలో మిరగాయలు కోయడం దేనికి? ఊరికే రాస్తే పోయేదిగా?"

"వెళ్ళకుండా వెళ్ళానని ఎట్టా రాస్తానండీ? పిల్లలు చదివే కాయితం గదా!"

మర్నాడు ప్రార్థన కాగానే వరప్రసాదరావుగారు ఒట్టి చేతులతో మూడో తరగతికి వచ్చి, బాజీకి ఒక కాయితం ఇచ్చి నిలబడ్డారు. "సంగతి అడగకుండా కొట్టినందుకు సిగ్గుపడుచున్నాను. మన్నించగలరు." బాజీ పైకి చదివాడు. బేబితో గుసగుసలాడాడు. దేవమణి కిటికీ వైపు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తేదీ లేదండి మేష్టారండీ," అన్నాడు బాజీ, భయపడుతూనే.

"పన్నెండేళ్ళ సంగతి. ఏ తేదీ వేయమంటారండీ?"

బాజీ కాయితం ఆయన చేతికి తిరిగిచ్చాడు. "ఇయ్యాళ్టిది వేయండి, చాలు."

వేశారు.

"మంజూరు చేశామండి. కూచోండి."

వరప్రసాదరావుగారు అప్పుడు కూచున్నారు.