ఎడమ టైరూ, బియ్యం సంచులూ

నేను కట్టిన కారు ఇంతవరకూ ఎవరినీ గుద్దలేదు. ఎక్కడా బోల్తా పడలేదు. అయినా దానివల్ల మా ఇంట్లో జరిగినంత ప్రమాదం సిడ్నీ రోడ్ల మీద ఇంకే కారువల్లా జరిగి ఉండదని నా నమ్మకం. దెబ్బలు తగిలింది ఒక్కడికే. ఎలా తగిలాయో వాడే చెబుతున్నాడు, వినండి.

కిట్ కారు అంటే తెలియనివారి కోసం ఒక మాట. ఇంజను, చట్రం, చక్రాలు, సీట్లు అన్నీ విడివిడిగా పెట్టెల్లో వస్తాయి. వాటిని కారుగా మార్చుకోవడం కొన్నవాడి ఖర్మ. సిడ్నీ శివారు గిరావీన్‌లో మా గరాజ్‌లో కొన్నేళ్లపాటు నేను ఆ ఖర్మ అనుభవించాను. పైకప్పు లేని, ఇద్దరే పట్టే కారు. అందులో కూర్చోవడం పీట మీద భోజనానికి కూర్చున్నట్టే ఉంటుంది. దిగడం మాత్రం పెళ్లిభోజనం చేశాక ఆ పీట మీంచి లేచినట్టుంటుంది. మామూలు కారు బరువులో సగం కూడా ఉండదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

ఎడమ సీటు మా ఆవిడ శారదది. ఆదివారాలన్నీ గరాజ్‌కి ధారపోసినందుకు పరిహారంగా, కారు తయారయ్యాక వచ్చే పెళ్లిరోజున సముద్రం పక్క రోడ్డు మీదుగా కయామా అనే ఊరికి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ మాట మీదే అన్నేళ్లూ ఆవిడ గరాజ్‌కి టీ అందించింది.

కారు సర్కారు పరీక్షలన్నీ పాసైంది. అక్కడితో చేతులు కడుక్కుంటే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. కానీ స్టీరింగ్ కాస్త పక్కకి లాగుతోందని నాకు అనిపించింది. ఇంకెవరికీ అనిపించలేదు. చక్రాల అలైన్‌మెంట్ నేనే మళ్లీ సరిచేస్తానని పూనుకున్నాను. ఇంత తేలిక కారులో మనుషులు కూర్చుంటే అది కిందికి దిగుతుంది. దిగితే చక్రాల వాలు మారిపోతుంది. అందుకని సీట్లలో మనుషులంత బరువు పెట్టి మరీ సరిచేయాలి. ఇక్కడివాళ్లు ఇసుక సంచులు పెడతారట. తెలుగువాడికి ఇసుకతో పనేమిటి? ఇంట్లో ఉన్న సోనా మసూరి చాలక షాపు నుంచి ఇంకొంత తెచ్చాను. ఇరవై కిలోల సంచులు, ఎడమ సీట్లో మూడు, కుడి సీట్లో మూడు. పడిపోకుండా బెల్టులు కూడా పెట్టాను. దారాలు కట్టి, టేపుతో కొలిచి, నట్లు బిగించి, ఆ సాయంత్రం శారద ముందు కాలర్ ఎగరేశాను.

కొన్ని వారాలకి ఎడమ వైపు ముందు టైరు లోపలి అంచు అరిగిన చందనపు చెక్కలా నున్నబడింది. బయటి అంచు మాత్రం షాపులోంచి అప్పుడే వచ్చినట్టుంది. గాలి చూశాను, సరిగ్గానే ఉంది. టైరు మార్చాను, కొత్తది కూడా అదే అంచున అరగడం మొదలెట్టింది. రౌండబౌట్లను అనుమానించాను. ఎండను కూడా అనుమానించాను.

విజయవాడలో పత్రిక డెస్క్ మీద చాలాకాలం పనిచేసినవాణ్ణి. ఏ వార్త వచ్చినా ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అని అడగడం అలవాటు. అదే పద్ధతిలో విచారణకు దిగాను. ఎక్కడ? ఎడమ వైపు. ఎప్పుడు? దీనికోసం ఎడమ టైరుకి అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి కారు నడిపాను. ఒక్కణ్ణే పారమట్టా వెళ్లొస్తే గీత అంతటా సమానంగా చెరిగింది. శారదని కూర్చోబెట్టుకుని వెళ్తే లోపలి వైపే ముందు చెరిగింది. ఇక మిగిలింది ‘ఎవరు’ అన్న ప్రశ్న. ఏ మాత్రం బుద్ధి ఉన్నా నేను అక్కడ ఆగి ఉండేవాణ్ణి.

ఆగలేదు సరికదా, ఆ ఆదివారం మా పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ విందు, పెట్టి నలుగురినీ పిలిచాను. కారు ఎలా ఉందని ఎవరో అడిగారు.

“కారుకేం, బ్రహ్మాండంగా ఉంది. శారద కూర్చున్న వైపు టైరే పాపం తట్టుకోలేకపోతోంది” అన్నాను.

మగవాళ్లలో ఒకరిద్దరు నవ్వబోయి, తమ భార్యల వైపు చూసి దగ్గులోకి దిగిపోయారు. చికెన్ తిప్పుతున్న పెద్దమనిషి తిప్పడం మానేశాడు. ఆ వైపు ముక్కలు మాడిపోయాయి. శారద పెరుగుచట్నీ గిన్నె బల్ల మీద పెట్టి “అలాగా” అంది. అంతే. ముప్ఫై ఏళ్ల కాపురం చేసినవాడికి ఆ ‘అలాగా’ ఎంత పొడవో తెలుసు.

ఆ తర్వాత ఆవిడ నా కారెక్కలేదు. గుడికైనా, కూరగాయలకైనా తన కారే. రమ్మని అడిగితే “మీ టైరుకి రెస్ట్ ఇవ్వండి” అనేది. ఇందులో అసలు ఘోరం ఏమిటంటే, ఆవిడ ఎక్కడం మానేశాక ఎడమ టైరు అరగడం కూడా ఆగిపోయింది. నేను మురిసిపోయి, రుజువైందని ఆవిడకే చెప్పాను. ఇంతటి తెలివి అందరికీ దొరకదు.

పెళ్లిరోజు దగ్గర పడింది. కయామా మాటెత్తితే శారద “మీరూ మీ టైరూ వెళ్లి రండి” అంది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. అన్నేళ్లు కష్టపడి ఇద్దరు పట్టే కారు కట్టుకున్నది అందులో ఒంటరిగా తిరగడానికా?

బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉండే మా బావమరిది కిరణ్ ఆ వారమే పని మీద వచ్చాడు. వాడికీ కార్ల పిచ్చి ఉంది. అక్క ముఖం చూసి, నా ముఖం చూసి, నేరుగా గరాజ్‌లోకి నడిచాడు. మాటలు వినడానికి కాబోలు, శారద వచ్చి గరాజ్ వైపున్న వంటింటి గుమ్మంలో నిలబడింది.

“అలైన్‌మెంట్ ఎవరు చేశారు బావా?”

“నేనే.”

“లోడ్ పెట్టే చేశారా?”

“నాకామాత్రం తెలియదనుకున్నావా? సీటుకి మూడేసి సంచుల సోనా మసూరి.”

“ఏ రోజు?” అంది శారద గుమ్మంలోంచి.

“లాంగ్ వీకెండ్‌లో. మీ ఆఫీసువాళ్లు లంచ్‌కి వచ్చారే, ఆ రోజు.”

“ఆ రోజు ఇంట్లో బియ్యం లేవంటే ఒక సంచి మీరే తెచ్చిచ్చారు. డబ్బా నింపాలంటే ఇంకోటి కూడా తెచ్చారు. ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?”

అప్పుడు గుర్తొచ్చింది. నట్లు బిగించడం మధ్యలో లేచి, చేతులు తుడుచుకుని, వంటింటికి దగ్గరగా ఉన్న సీటులోంచి సంచి ఎత్తుకున్నాను. ఆ సీటు ఎడమదే. సంచికి పెట్టిన బెల్టు విప్పి మరీ ఎత్తుకున్నాను. రెండో సంచీ అక్కడిదే. తర్వాత వెళ్లి, మిగిలిన ఒక్క సంచినీ శారద అనుకుని చక్రం సరిచేశాను. అంతకు మించి బరువు ఎక్కినప్పుడల్లా చక్రం లోపలికి వాలి, లోపలి అంచు మీదే నడిచింది.

“అంటే మా అక్క వెయిట్ ట్వెంటీ కేజీస్ అని ఫిక్సయ్యారన్నమాట” అన్నాడు కిరణ్.

“సీట్లో ఉండాల్సిన బియ్యం ఈయన పొట్టలో ఉన్నాయిరా. పులిహోర బాగుందని మారు వడ్డించుకున్నారు కూడా” అంది శారద.

కిరణ్ అంతటితో వదిలిపెడితే బాగుండేది. వాడు కారు చుట్టూ తిరిగి కుడి టైరు లోపలి అంచు తడిమాడు. “ఇది చూశారా బావా?” అన్నాడు. చూడలేదు. దోషి ఎడమ వైపు దొరికాక కుడి వైపు వంగి చూడవలసిన అవసరం నాకు కనిపించలేదు. అక్కడా అరిగి ఉంది.

“ఇటువైపు సంచులు కూడా లంచ్‌కి వెళ్లాయా?”

“లేదు. మూడూ ఉన్నాయి.”

“మూడంటే సిక్స్‌టీ. మీరు సిక్స్‌టీ కేజీలా బావా?”

నేను పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాను. “పెళ్లిలో ఉండేవారు” అంది శారద. అని, వారాల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇంకో రెండు టైర్లు అరగదీయడానికైనా సిద్ధమే.

అవతలి పక్షాన్ని విచారించకుండా వార్త అచ్చుకి పంపకూడదని డెస్క్‌లో కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఇక్కడ అవతలి పక్షం నేనే కావడంతో విచారణ మరిచిపోయాను.

మర్నాడు మళ్లీ అలైన్‌మెంట్. నేను అలవాటు కొద్దీ బియ్యం సంచుల వైపు చూశాను. శారద వాటిని దాటుకుని వెళ్లి ఎడమ సీట్లో తానే కూర్చుంది. నేను కుడి సీట్లో కూర్చున్నాను. కింద నుంచి కిరణ్ “కదలకండి” అన్నాడు. కదలని కారులో అలా పక్కపక్కనే చాలాసేపు కూర్చున్నాం.

“ఇప్పుడు నా బరువెంతో తెలిసిందా?” అంది శారద.

“తెలియదు.”

“తెలియకుండానే ఉండనివ్వండి.”

పెళ్లిరోజున కయామా వెళ్లాం. నాలుగు టైర్లూ ఈనాటికీ సమానంగా అరుగుతున్నాయి. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. ఆలస్యంగానైనా నాదీ వేస్తున్నాను.

సవరణ: ఎడమ టైరు అరుగుదలకు శ్రీమతి శారద కారణమని మా పెరట్లో జరిగిన ప్రకటన పొరపాటు. కారణం పులిహోర. ఇకముందు ఏ యంత్రం ఏ వైపు అరిగినా, ముందు అద్దంలో నన్ను పక్కనుంచి చూసుకున్నాకే నోరు తెరుస్తానని, మా వంటింటి బియ్యం డబ్బా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను.