బాబాయికి వేరే వార్తలు

నరసరావుపేటలో మా పక్కింటి పిన్ని, బాబాయికి గుండె ఆపరేషన్ అయ్యాక, వాళ్ల కంప్యూటర్‌లో, రకరకాల సైట్ల వార్తలు ఒక్కచోట చూపించే న్యూస్ రీడర్‌లో, నాచేత ఆయనకొకటి, తనకొకటి రెండు ప్రొఫైళ్లు పెట్టించింది. కొత్త సైటు ఏది కనిపించినా "ఇది ఆయనకా, నాకా?" అని కాసేపు ఆలోచించేది. క్రికెట్, పాత పాటలు, కోటప్పకొండ కబుర్లు బాబాయికి. ప్రమాదాలూ చావులూ రాసేవన్నీ తనకు.

"ఆయన బెంగపడతాడు నాయనా. ఊళ్లో ఎవరికేమైందో నాకైనా తెలియాలిగా" అనేది.

ఒకరోజు నేనక్కడ ఉండగానే బాబాయి పొరపాటున పిన్ని ప్రొఫైల్ తెరిచాడు. చాలాసేపు చదివాడు. వంటింట్లోంచి వచ్చిన పిన్నిని చూసి, "ఏమే, ఇయన్నీ రోజూ నువ్వొక్కదానివే చదువుకుంటన్నావా?" అని అడిగాడు.

బాబాయి పక్కకు జరిగి, ఇంకో కుర్చీ లాగాడు.

"కూచో. ఇద్దరం చదువుదాం."