కార్తీకానికి తెరిచే గేటు

మా యూనివర్సిటీ చిన్నది. భీమవరం వైపు వెళ్ళే కాలవ పక్కన బస్సు దిగితే మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. ఆఫీసు భవనం, నాలుగు డిపార్ట్‌మెంట్లు, రోడ్డుకి అటు మగపిల్లల హాస్టలు, ఇటు ఆడపిల్లల హాస్టలు, వెనకాల మా ఆక్వాకల్చర్ వాళ్ళ రొయ్యల చెరువులు. నేను ఎమ్మెస్సీ పిల్లలకి చెరువు నీటి గురించి పాఠం చెబుతాను. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి క్యాంటీన్ వాళ్ళకి కూడా తెలుసు.

ఆ ఏడు నా కోపమంతా ఒక గేటు మీదికి మళ్ళింది.

రొయ్యల చెరువుకి అసలు గండం తెల్లవారుజామునే. నీళ్ళలో ఉన్న పాచీ, రొయ్యలూ, అడుగున మట్టీ అన్నీ కలిసి రాత్రంతా ఆక్సిజన్ పీల్చేస్తాయి. పొద్దు పొడిచే ముందు అది బాగా పడిపోతుంది. ఆ వేళ ఆక్సిజన్ మీటరు ముంచి చూడనివాళ్ళకి చెరువు తెలిసినట్టు కాదు. మా కోర్సులో ముఖ్యమైన ప్రాక్టికల్ అదే. ఆడపిల్లల హాస్టల్ గేటు మాత్రం ఆరింటికి గానీ తెరవరు. అందుకని మగపిల్లలు వెళ్ళి రీడింగులు తెస్తారు, ఆడపిల్లలు వాటితో గ్రాఫులు గీస్తారు. గీయడం చక్కగానే గీస్తారు. ఉద్యోగాలిచ్చే కంపెనీవాళ్ళు వచ్చి, వేకువన చెరువు మీద ఎప్పుడైనా నిలబడ్డావా అని అడిగితే మాత్రం తలలు దించుకుంటారు. మగపిల్లలకి చెరువు గట్టు మీద ఉద్యోగం, వీళ్ళకి ల్యాబ్‌లో సీసాలు కడిగే ఉద్యోగం. ఏటా ఇదే తంతు.

ఆ బ్యాచిలో ఒకమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. ల్యాబ్ ఉద్యోగం మాత్రం ఏం తక్కువ అని నేనోసారి అంటే, ఆ పిల్ల సూటిగా నా మొహంలోకి చూసింది.

“మా అమ్మ రొయ్యని చచ్చిపోయాకే చూస్తుందండి మేడమ్. నేను బతికుండగా చూడాలండి.”

ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు. ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రార్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదస్తులు, టీ ఇప్పించారు. రేపు ఏమన్నా అయితే ఎవరు సమాధానం చెబుతారన్నారు. నేను చెబుతానన్నాను. ఆయన నవ్వి, వార్డెన్ గారు ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నారు. వార్డెన్ గారేమో, రిజిస్ట్రార్ గారు ఒప్పుకుంటే తనకేం లేదన్నారు. ఆ రెండు గదుల మధ్యా తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. వార్డెన్ గారు చెడ్డమనిషేం కాదు. పిల్లలకి జ్వరమొస్తే పక్కనే కూర్చుని జావ తాగించే మనిషి. కానీ గేటు తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగేవారు.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. మా స్టాఫ్ క్వార్టర్స్ హాస్టలుకి ఎదురుగానే. మొదటి సోమవారం ఇంకా చీకటి ఉండగానే గేటు కిర్రుమంది. కిటికీలోంచి చూద్దును కదా, వార్డెన్ గారు ముందు, అరటి దొప్పల్లో దీపాలు పట్టుకుని ఆడపిల్లలు వెనక, కాలవ రేవుకి బయల్దేరారు. అప్పుడు గుర్తొచ్చింది. మాది లూథరన్ కుటుంబం. ఈస్టరు నాడు వేకువ ఆరాధనకి ఇదే గేటులోంచి పిల్లల్ని నేనే తీసుకెళ్ళాను. అప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ అమ్మాయికీ ఇదే తట్టింది. రేవుకని చెప్పి చెరువుకి వెళ్ళిపోదామండీ, ఎవరికీ తెలియదు అంది. నిజం చెప్పొద్దూ, మనసు లాగింది. కానీ ఒప్పుకోలేదు. దొంగచాటుగా వెళితే ఈ నెల గడుస్తుంది, మరి వచ్చే ఏడు వచ్చే పిల్లల గతేంటి? చదువు పేరు చెప్పే వెళ్ళాలి, ఆ గేటు చదువు కోసమే తెరుచుకోవాలి అన్నాను. ఆ పిల్ల మూతి ముడుచుకుంది.

రెండో సోమవారం నేనూ రేవుకి వెళ్ళాను. వార్డెన్ గారు దీపం వదిలి, దణ్ణం పెట్టుకుని మెట్లెక్కేదాకా ఆగాను.

“దేవుడికి తెరిచే గేటు చదువుకెందుకు తెరవరండీ?” అన్నాను.

“ఇక్కడైతే పిల్లల వెంట నేనుంటాను మేడమ్ గారూ. చెరువు మీద ఎవరుంటారు?”

“మీరే రండి.”

ఆవిడ తడి చీర కొంగు పిండుకున్నారు. చివరికి, ఒక్కరోజు వస్తాను, చూశాకే మాట్లాడతాను అన్నారు.

మర్నాడు వేకువనే నాతో, పిల్లలతో చెరువుకి వచ్చారు. తలమీదుగా శాలువా, చేతిలో టార్చి. గట్టు జారుతోందనీ, పురుగూ పుట్రా ఉంటాయనీ దారంతా సణుగుతూనే ఉన్నారు. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని మీటరు తీగ నీళ్ళలోకి వదిలింది. అంకె దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. అది తక్కువా ఎక్కువా అని వార్డెన్ గారు అడిగితే, తక్కువేనండి, ఇప్పుడే నీళ్ళు చిలికే ఏరియేటర్లు వెయ్యాలండి అంది. చెరువులు చూసుకునే మనిషి వెళ్ళి స్విచ్చి వేశాడు. వార్డెన్ గారు టార్చి అటూ ఇటూ తిప్పారు.

“మగపిల్లలేరీ? రోజూ వచ్చేది వాళ్ళేగా?”

ఆ మనిషి నీళ్ళు నమిలాడు. వాళ్ళు టిఫిన్ చేసి ఏడు దాటాక వస్తారండీ, ఒక్కోరోజు అదీ లేదండీ అన్నాడు. మరి రీడింగులెక్కడివి అన్నాను. గదిలోనే రాసేసుకుంటారండీ అన్నాడు. ఇన్నాళ్ళూ మా ఆడపిల్లలు గీసిన గ్రాఫులన్నీ ఎవరో మంచం మీద పడుకుని చెప్పిన అంకెలు! అరికాలి మంట నెత్తికెక్కింది. వార్డెన్ గారు మాత్రం అరవలేదు.

“పంపినవాళ్ళు పడుకున్నారు. వెళతానన్న వాళ్ళకి నేను తాళం వేశాను,” అన్నారు.

ఆ ఉదయమే ఆవిడ రిజిస్ట్రార్ గారి గదికి వెళ్ళారు, నేను వెనకాల. ఏమన్నా అయితే ఎవరు సమాధానం చెబుతారని ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. కార్తీక దీపాలకి రేవుకి తీసుకెళ్తే నన్ను ఎవరడిగారండీ అన్నారావిడ. ఆయన పెన్ను తీసి అనుమతి కాగితం మీద సంతకం పెట్టారు. మగపిల్లల సంగతి నేను చూసుకున్నాను. వాళ్ళని ఏమన్నానో ఇక్కడ రాస్తే బాగుండదు.

కార్తీకం వెళ్ళిపోయింది. గేటు మాత్రం వేకువనే తెరుచుకుంటూనే ఉంది. మంచు పడ్డా, ముసురు పట్టినా ఊరుకోలేదు. కొందరు గొణిగారు, కొందరు నా క్లాసులోనే కునుకు తీశారు. నేను పట్టు విడవలేదు. ఆ అమ్మాయి ఒకసారి కాలుజారి నడుంలోతు నీళ్ళలో పడింది. మీటరు మాత్రం నెత్తిమీదికి ఎత్తి పట్టుకునే ఉంది.

కంపెనీవాళ్ళు వచ్చిన రోజు నేను గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆడపిల్లవి, చీకటితో చెరువు మీదికి వెళ్ళగలవా అమ్మా అని వాళ్ళలో ఒకాయన ఆ అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల తల దించలేదు.

“రోజూ వెళుతున్నానండి. మా మగపిల్లలు లేచేసరికి నేను రీడింగు తీసుకుని వచ్చేస్తానండి.”

గట్టు మీది ఉద్యోగమే ఇచ్చారు.

చేరిన కొన్నాళ్ళకి ఒక వేకువన ఫోన్ చేసింది. నేను అప్పటికే లేచి, పిల్లల కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాను. వార్డెన్ గారు తాళం తీస్తున్నారు.

“మా అమ్మని చెరువు మీదికి తీసుకొచ్చానండి మేడమ్. నీళ్ళలోంచి మేత ట్రే పైకి తీసి చూపించాను. రొయ్య ఎగిరి చేతి మీద పడేసరికి హడలిపోయిందండి. ఇన్నేళ్ళూ ఒలిచింది, అది ఎగురుతుందని మా అమ్మకి తెలీదండి.”